రెండు కార్డుల మంగాదేవి

బియ్యం డబ్బాలో బియ్యం ఉన్నాయి. పాస్‌పోర్టు లేదు.

మంగాదేవి మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. లాభం లేక డబ్బాను చాప మీద బోర్లించింది. బియ్యం గది మూలల దాకా జారిపోయాయి. ఖాళీ ప్లాస్టిక్ కవరు ఒకటి బయటపడింది. పాస్‌పోర్టును ఆ కవర్లో చుట్టి బియ్యంలో దాచుకోవడం ఆమెకు ఏళ్ళ తరబడి అలవాటు.

2025 నవంబరు. శుక్రవారం, ఉదయం పదకొండు గంటలు. షార్జాలో, రోలా బజారు సందుల్లో ఒక పాత బిల్డింగు నాలుగో అంతస్తు. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ఆమె విజయవాడ ఫ్లైటు ఎక్కాలి. గుండెలో వాల్వు ఒకటి పాడైంది. నెల లోపల ఆపరేషన్ జరగకపోతే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఆమె ఏడవలేదు. బియ్యం మధ్య చతికిలబడి ఆయాసపడుతూ ఎదురుగా ఉన్న నాగదుర్గను చూసింది.

"నువ్వే తీసుంటావు," అంది.

"తీసి ఏం చేసుకోను? ఊరగాయ పెట్టుకోనా?" అంది నాగదుర్గ.

ఆరేళ్ళుగా ఒకే గదిలో, రెండంతస్తుల మంచం మీద ఒకరు పైనా ఒకరు కిందా పడుకుంటున్నారు. ఆరేళ్ళుగా ఉప్పూ నిప్పూ. ఇద్దరిదీ గోదావరి పక్కే, ఇద్దరూ అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళే. ఆ మాత్రం చుట్టరికం తగువులకి బాగా పనికొచ్చింది.

*

పన్నెండుంబావుకి మీరావలి మెట్లెక్కి వచ్చాడు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. అందుకే చిరాగ్గా ఉన్నాడు. పనిచేసినా అలాగే ఉండేవాడు లెండి, అది వేరే సంగతి.

మనిషిది గుంటూరు. మంగాదేవికి ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కట్టించిన ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిమ్స్ ఇన్వెస్టిగేటర్. దొంగ బిల్లులు, దొంగ రోగాలు పట్టుకోవడం అతని ఉద్యోగం. గుమ్మంలో అతను కనిపించాడంటే ఎవరికో మూడినట్టే. రోలా మొత్తంలో అతనికి పిలిచి టీ ఇచ్చే ఇల్లు ఒక్కటి లేదు.

అతను జాలిపడి రాలేదు. వాల్వు ఆపరేషన్ షార్జాలో చేయిస్తే కంపెనీకి తడిసి మోపెడవుతుంది. టికెట్టు కొనిచ్చి ఇంటికి పంపిస్తే చవగ్గా వదిలిపోతుంది. పైగా ఇంటి దగ్గర ఆమెకు రెండు సర్కారు ఇన్సూరెన్సు కార్డులున్నాయి. ఒకటి పేదవాళ్ళకిచ్చేది. రెండోది డెబ్బై నిండినవాళ్ళకిచ్చేది. పేదరికమూ ముసలితనమూ ఒకే నెత్తిన పడితే రెండు కార్డులూ వస్తాయి. అందరికీ ఆ యోగం పట్టదు. కాకినాడ ఆసుపత్రిలో బెడ్డు కూడా ఖాయమైపోయింది.

అయితే పాలసీలో ఒక మెలిక ఉంది. విమానం ఎక్కొచ్చని డాక్టరిచ్చిన సర్టిఫికెట్ ఈ రాత్రి వరకే. మళ్ళీ ఇవ్వనన్నాడు. ఆమె తప్పు లేకుండా ప్రయాణం ఆగితే ఆపరేషన్ కంపెనీయే ఇక్కడ చేయించాలి. ఆమే కావాలని ఆపుకుంటే పాలసీ రద్దు. అప్పుడు ఇక్కడా లేదు, అక్కడా లేదు. చావాల్సిందే.

తప్పెవరిదో రాయాల్సినవాడు మీరావలి. నాలుగింటికల్లా తేల్చమన్నాడు మేనేజరు. ఆవిడే దాచి నాటకమాడుతుంటుందని కూడా అన్నాడు. మీరావలికీ అదే అనుమానం.

"మంగాదేవి గారూ."

ఆమె పలకలేదు. కిటికీ కేసి చూస్తోంది.

"మిమ్మల్నే. మంగాదేవి గారూ."

అప్పుడు తిరిగింది. చెవుడు కూడా ఉందన్నమాట, అనుకున్నాడు.

"పాస్‌పోర్టు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న పొద్దున్నండి."

"డబ్బాలో ఉంటుందని ఎవరెవరికి తెలుసు?"

"ఫ్లాట్లో అందరికీ తెలుసండి. అందరూ బియ్యంలోనే దాస్తారు."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"మూడున్నరకి డాక్టరు దగ్గరకెళ్ళాను. ఆరింటికొచ్చాను."

"మీరే దాచలేదని నేనెందుకు నమ్మాలి?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "దాచుకుని ఏం చెయ్యనండి? దాన్ని నాతోపాటు పూడ్చిపెట్టమనా?"

మీరావలి తన ట్యాబ్‌లో పాస్‌పోర్టు కాపీ తెరిచాడు. మంగాదేవి. పుట్టిన సంవత్సరం 1955. ఫోటోకీ మనిషికీ తేడా లేదు. జబ్బు వల్ల మొహం పీక్కుపోయింది గానీ జుట్టు ఇంకా నల్లగానే ఉంది. రంగేస్తుందేమో, అనుకుని ట్యాబ్ మూసేశాడు.

*

ఫ్లాటు రాజబాబు పేరున ఉంది. మూడు గదుల్ని ప్లైవుడ్ చెక్కలతో ఏడు చేసి అద్దెకిస్తున్నాడు. అది చట్టవిరుద్ధమని అతనికీ తెలుసు, మీరావలికీ తెలుసు. పోలీసుల మాట ఎత్తితే చాలు, అతని మొహం పాలిపోతోంది. నిన్న మధ్యాహ్నం జ్వరమొచ్చి హాల్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడట. మంగాదేవి వెళ్ళిపోతే ఆ బెడ్డు ఇచ్చేందుకు ఇంకో ఆవిడకి మాట కూడా ఇచ్చేశాడట. ఆమెను ఆపే అవసరం అతనికి లేదు. మీరావలి అతన్ని పక్కన పెట్టాడు.

నాగదుర్గ నిన్న ఉదయం నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేసే ఇంట్లోనే ఉంది. ఆ ఇంటి డ్రైవరే తెచ్చి దింపాడు. మీరావలి ఫోన్ చేసి కనుక్కున్నాడు. నిజమే.

"ఆవిడంటే మీకు పడదట కదా," అన్నాడు.

"అస్సలు పడదు. అందుకేగా మొన్న బుధవారం ఆవిడ కార్టన్ నా చేత్తో కట్టాను. పీడా పోతే కింద మంచం నాది. నడుం నొప్పితో పైకెక్కలేక చస్తున్నాను."

గది మూల కార్టన్ ఉంది. దుబాయ్ నుంచి ఇంటికెళ్ళే ప్రతి మనిషి వెంటా వెళ్ళే అట్టపెట్టె. నీలం నైలాను తాడుతో నిలువునా అడ్డంగా బిగించారు. పైన మార్కర్‌తో పేరు, ఊరు. మీరావలి దాన్నొకసారి చూసి ముందుకెళ్ళిపోయాడు. అందరూ చేసే తప్పే. కట్టేసిన పెట్టె జోలికి ఎవరూ పోరు.

మిగిలింది సూరిబాబు. మంగాదేవి తోడబుట్టినావిడ కొడుకు. నలభై ఏళ్ళుంటాయి. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో కంపెనీ బస్సు నడుపుతాడు. అంతకు ముందు లారీలు నడిపాడు. నిన్న మూడింటికి వచ్చాడు, కార్టన్ బరువు తూయించడానికి కింద కిరాణా షాపుకి మోసుకెళ్ళాడు, ఆరున్నరకి వెళ్ళాడు. ఈరోజు ఆమెను ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళడానికి మళ్ళీ వచ్చాడు. మర్యాదస్తుడు. ఆ ఫ్లాట్లో మీరావలికి మంచినీళ్ళిచ్చింది అతనొక్కడే.

"రేపు విజయవాడలో ఎవరొస్తారు ఆవిడ కోసం? మీ అమ్మగారా?"

"అమ్మకి ఒంట్లో బాలేదండి. వేరేవాళ్ళొస్తారు."

"ఏమైంది?"

"పెద్దతనం కదండీ," అన్నాడు సూరిబాబు. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కడుపులో మంట ఉన్నవాడు ఆపలేడు. "పిన్నికి రెండు కార్డులున్నాయండి. అమ్మకి ఒక్కటి లేదు. నా పేరున కారుందని తెల్లకార్డు తీసేశారు. ముసలోళ్ళ కార్డుకి వయసు చాలదన్నారు. ఆధార్లో యాభై ఆరే ఉందండి."

మీరావలి తలూపాడు. సర్కారు కార్డుల మీద ఏడుపు అతనికి రోజూ వినబడేదే. చెవిన పడింది, బుర్రకెక్కలేదు.

*

ఒంటిగంట నుంచి వెతుకులాట. పరుపులెత్తారు. వంటింట్లో డబ్బాలన్నీ బోర్లించారు. అందరికంటే గట్టిగా వెతికింది సూరిబాబే. ఫ్రిజ్ వెనక్కి కూడా దూరాడు. కానీ మీరావలి ఒకటి గమనించాడు. చేతులు ఎక్కడున్నా అతని కళ్ళు మాత్రం కిటికీ పక్కకే పోతున్నాయి.

కిటికీ పక్కన ఛార్జర్‌కి తగిలించిన పాత కీప్యాడ్ ఫోన్ ఉంది. మంగాదేవిది. అందులో ఇండియా సిమ్. అక్కడున్న ప్రతివాళ్ళకీ అలాంటి ఫోన్ ఒకటుంటుంది. ఎవరికీ దాన్నుంచి ఫోన్ చెయ్యరు. ఆధార్‌కి తగిలించిన నంబరు చచ్చిపోకుండా, ఓటీపీల కోసం దాన్ని బతికిస్తుంటారు.

రెండింటికి నాగదుర్గకి తిక్క రేగింది. తన పెట్టె కూడా తెరవమన్నారని.

"నా సామాను చూడ్డానికి మీరెవరు? ఆవిడ మాటలు నమ్మి నన్ను దొంగని చేస్తారా? ఆవిడ చెప్పేవన్నీ నిజాలేనా? డెబ్బై ఏళ్ళంట, డెబ్బై. నాలుగేళ్ళ కిందటి దాకా ప్రతి నెలా ఆవిడకి కావలసినవి కింద షాపులో కొనుక్కొచ్చింది నేను. అరవై ఆరేళ్ళకి ఏ ఆడదానికి నెలసరి వస్తుందండి? అడగండి."

మంగాదేవి మొహం గోడకి తిప్పుకుంది.

"పిన్నిని అలా మాట్లాడకండి," అన్నాడు సూరిబాబు నెమ్మదిగా.

మీరావలి నోట్లో పోసుకున్న నీళ్ళు మింగడం మరిచిపోయాడు.

అతను లేచి బయటికొచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు. తన నెత్తిన తనే ఒక్కటిచ్చుకున్నాడు. అతని ఇంట్లో అమ్మ అక్కనైనా చెల్లెల్నైనా ఖాలా అనే పిలుస్తారు. కూలీల క్యాంపుల్లో హిందీలోనూ అంతే, అందరికీ కలిపి మౌసీ. వచ్చినప్పటి నుంచి పిన్ని అన్న ఆ ఒక్క మాట పదిసార్లు వినబడింది. పదిసార్లూ దాన్ని ఖాలా అనే విన్నాడు. తెలుగువాడికి అలా కుదరదు. అమ్మకి అక్కయితే పెద్దమ్మ. చెల్లెలైతే పిన్ని. నోరు తిరగని పిల్లాడు కూడా అది తప్పు పిలవడు.

లోపలికొచ్చి ఛార్జర్ నుంచి కీప్యాడ్ ఫోన్ తీశాడు. సూరిబాబు ఒకడుగు ముందుకేసి ఆగిపోయాడు. మెసేజులు ఇంగ్లీషులో ఉన్నాయి. మంగాదేవికి ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం వచ్చు. నిన్న సాయంత్రం నాలుగూ పదిహేడుకి ఒక ఓటీపీ వచ్చింది. ఎవరో తెరిచి చదివారు.

ఆ టైముకి మంగాదేవి డాక్టరు దగ్గరుంది. నాగదుర్గ పనిలో ఉంది. రాజబాబు దుప్పటి కింద ఉన్నాడు.

*

మూడుంబావుకి మీరావలి అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. కార్టన్ మధ్యలో పెట్టించాడు. కీప్యాడ్ ఫోన్ తన జేబులో పెట్టుకున్నాడు.

"నాగదుర్గ గారూ, ఈ ముడి మీరు వేసిందేనా?"

నాగదుర్గ వంగి చూసింది. "కాదు. నేను రెండు పీటముళ్ళు వేసి వదిలేశాను. ఇదేంటి, ఇలా మెలి తిప్పి ఉంది?"

"లారీ మీద లోడు జారకుండా బిగించే ముడి అది. ఈ గదిలో లారీ నడిపినవాడు ఒక్కడే." కత్తితో తాడు కోశాడు. పాలపొడి డబ్బాలు, సబ్బులు, ఒక దుప్పటి. దుప్పటి మడతలో పాస్‌పోర్టు.

రాజబాబు నోరు తెరిచాడు. మంగాదేవి మాత్రం పాస్‌పోర్టుని చూడలేదు. సూరిబాబునే చూస్తోంది.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు మీరావలి. "తెలివైనవాడే. ఎక్కడికీ తీసుకుపోలేదు. ఆవిడ సామాన్లోనే పెట్టాడు. ఫ్లైటు పోయాక ఆవిడే పెట్టె విప్పుకుంటుంది, తన మతిమరుపే అనుకుని లెంపలేసుకుంటుంది. అంతేనా సూరిబాబూ?"

సూరిబాబు తెగిన తాడు కేసి చూశాడు.

"మీ అమ్మకి ఆధార్లో యాభై ఆరు. ఈవిడకి పాస్‌పోర్టులో డెబ్బై. మరి ఈవిడ నీకు పిన్ని ఎలా అయింది? పెద్దమ్మ కావాలి కదా."

మీరావలి అతని మీదకి వంగాడు.

"మీ అమ్మ పేరేంటి? ఆధార్లోది కాదు. పుట్టినప్పుడు పెట్టింది."

"మంగాదేవి," అన్నాడు సూరిబాబు.

నాగదుర్గ చటుక్కున పక్కకి తిరిగి చూసింది. ఆరేళ్ళుగా తను తిట్టిన మంగాదేవి తలొంచుకుని ఉంది.

"మరి నీ పేరేంటమ్మా?" అన్నాడు మీరావలి.

ఆమె తలెత్తి చెప్పింది. "సత్యకుమారి."

సంగతి ఆమె నోటితోనే బయటికొచ్చింది, ముక్కలు ముక్కలుగా, ఆయాసపడుతూ. తొంభయ్యో సంవత్సరం. మొగుడు పోయాడు. తనకి ఇరవై ఒకటి. ముప్పై దాటని ఆడదాన్ని ఇంటిపనికి దుబాయ్ పంపనివ్వరన్నాడు ఏజెంటు. అక్క తనకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. అక్క స్కూలు సర్టిఫికెట్టు ఇనప్పెట్టెలో ఉంది. ఆ కాయితం మీద చెల్లెలు విమానం ఎక్కింది. ఆ రోజు నుంచి తను మంగాదేవి. ఆధార్లొచ్చినప్పుడు సెలవు మీద ఊళ్ళో ఉంది. పాస్‌పోర్టు చూపించి ముందు తనే వేళ్ళు పెట్టేసింది. మంగాదేవి పేరు అయిపోయింది. అక్కకి మిగిలింది సత్యకుమారి పేరూ, సత్యకుమారి వయసూ. ఆ రోజు ఆధార్ సెంటర్ ముందు నడిరోడ్డు మీద తిట్టుకున్నారు. మళ్ళీ మాటల్లేవు.

"అంటే నిజంగా డెబ్బై ఏళ్ళున్నది మీ అమ్మకి. కార్డులు ఈవిడకి," అన్నాడు మీరావలి సూరిబాబుతో. "మీ అమ్మ ఎక్కడుందిప్పుడు?"

"రాజమండ్రి ఆసుపత్రిలోనండి. బైపాస్ చెయ్యాలన్నారు. రేపు పొద్దున్నే. దాటితే చెప్పలేం అన్నారు." సూరిబాబు కళ్ళు తుడుచుకున్నాడు. "పిన్ని కార్డుల మీద చేర్పించాను. ఇద్దరిదీ ఒకటే పోలిక. వేళ్ళు అరిగిపోయాయి, ముద్రలు పడవన్నాం. అయితే ఓటీపీ చెప్పమన్నారు. నిన్నొకటి చెప్పాను. ఇవాళ అప్రూవల్‌కి ఇంకోటి రావాలి. ఇండియా టైము అయిదు లోపల."

అంటే ఇక్కడ మూడున్నర. గోడ గడియారంలో మూడూ ఇరవై మూడు.

"పాస్‌పోర్టెందుకు తీశావు?"

"అమ్మ అక్కడుండగా పిన్ని వెళ్ళి కాకినాడలో అదే కార్డు చూపిస్తే ఇద్దరూ దొరికిపోతారు కదండీ. పది రోజులు ఆపితే చాలనుకున్నాను. కార్డులు రెండున్నాయి గదా. ఒకటి అమ్మకి, ఒకటి పిన్నికి. ఇద్దరూ బతుకుతారనుకున్నాను."

మీరావలికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరో దొంగల్ని చూశాడు. ఇంత అమాయకపు దొంగని చూడలేదు.

"కార్డులు రెండురా. గుండె ఒకటే." ప్రతి మాటా నొక్కి చెప్పాడు. "కార్డులు రెండూ ఒకే ఆధార్‌కి తగులుకుని ఉంటాయి. రేపు మీ అమ్మ గుండె కోస్తే మంగాదేవికి బైపాస్ అయిందని ఎక్కుతుంది. వచ్చే వారం ఈవిడ వెళ్ళి పడుకుంటుంది. రొమ్ము మీద కుట్టు ఉండదు. బైపాస్ అయిన మనిషికి కుట్టు లేదేమని అడుగుతారు. తోసేస్తారు. పోలీసుల్ని పిలుస్తారు. నువ్వు పది రోజులు ఆపలేదు. మీ పిన్నిని చంపేశావు."

సూరిబాబు నేల మీద కూలబడ్డాడు. నిజంగా అతనికి తెలియదు. అతని మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

"వాడికెందుకు చెప్తారు," అంది సత్యకుమారి. "దాన్ని పిలవమనండి. మా అక్కని."

బోటిమ్‌లో వీడియో కాల్ కలిసింది. ఆసుపత్రి మంచం. ముక్కులో గొట్టం. అదే మొహం, ఇంకో పద్నాలుగేళ్ళు అరిగిపోయిన మొహం. చెల్లెల్ని చూసి ఆవిడ తల తిప్పుకోలేదు.

"నా పేరు దొంగిలించావే," అంది సత్యకుమారి.

"నీ పేరా?" అవతల గొంతు బలహీనంగా ఉంది గానీ పదును తగ్గలేదు. "ముప్పై అయిదేళ్ళు నా పేరు వాడుకున్నావు. పది రోజులు నాకిమ్మంటే దొంగతనమా?"

"ఆ పేరుతో గిన్నెలు తోమింది ఎవరు? ఆ పేరుతోనే కదా నీ కొడుక్కి వీసా తెచ్చాను."

"నేనడిగానా? నా ఊళ్ళో నన్ను నా పేరుతో పిలిచే దిక్కు లేకుండా చేశావు. సర్కారు లెక్కలో నీకంటే చిన్నదాన్నయ్యాను. ముసలిదాన్నయ్యీ ముసలిదాన్ని కాలేకపోయాను."

అప్పుడు మీరావలి జేబులో కీప్యాడ్ ఫోన్ కీచుమంది.

అతను తీసి చూశాడు. ఆరంకెలు. ఒక్క క్షణం ఆలోచించి దాన్ని సత్యకుమారి చేతిలో పెట్టాడు. గొంతులో జాలి లేకుండా చెప్పాడు. "ఇది చెప్తే మీ అక్కకి రేపు ఆపరేషన్. మీ కార్డులు మీకిక పనికిరావు. చెప్పకపోతే ఈ రాత్రి ఫ్లైటెక్కి ఆ బెడ్డు మీరు తీసుకోవచ్చు. పది నిమిషాల్లో ఈ నంబరు చచ్చిపోతుంది. మీ ఇష్టం."

సూరిబాబు చేతులు జోడించాడు. ఎవరికి జోడించాలో తెలియక ఫోనుకీ పిన్నికీ మధ్య గాలికి జోడించాడు.

సత్యకుమారి ఆ అంకెల్ని చూస్తూ కూర్చుంది. గడియారం మూడూ ఇరవై ఎనిమిది చూపించింది.

"డాక్టరు నీకెంత టైమిచ్చాడు?" అంది.

"రేపు," అంది అక్క.

"నాకు నెలిచ్చాడు."

ఇంకేమీ అనలేదు. ఒక్కో అంకే చదివింది. బస్సు నంబరు చదివినట్టు, ముఖం చిట్లించుకుని, గట్టిగా. అవతల నర్సెవరో తిరిగి చెప్పి సరిచూసుకుంది. అయిపోయింది.

"ఇక ఆ పేరు నువ్వే ఉంచుకో. నాకొద్దు," అని ఫోన్ పెట్టెయ్యబోయింది.

"సత్తెమ్మా," అంది అవతల గొంతు.

"ఊఁ," అంది ఆమె.

వెంటనే అంది. రెండోసారి పిలిపించుకోలేదు. అది మీరావలి విన్నాడు. మధ్యాహ్నం తను చెవుడనుకున్నది చెవుడు కాదు. అవతల గొంతు ఇంకేదో చెప్పబోయి ఏడ్చేసింది. ఇవతలావిడ ఏడవలేదు. ఫోన్ మాత్రం కట్ చెయ్యలేదు.

*

నాలుగింటికి మేనేజరు ఫోన్ చేశాడు.

మీరావలి చేతిలో పాస్‌పోర్టు ఉంది. దాని అట్టని బొటనవేలితో రాస్తూ మాట్లాడాడు. పాస్‌పోర్టు దొరకలేదన్నాడు. ఫ్లాట్లో పొరుగువాళ్ళ రాకపోకలు ఎక్కువన్నాడు. ఆవిడ దాచలేదు, ఆవిడ తప్పు ఇసుమంతైనా లేదు, అదే రాసి సంతకం పెడుతున్నానన్నాడు. షార్జాలోనే అడ్మిషన్ ఏర్పాటు చెయ్యమన్నాడు. అవతల మేనేజరు అరిచిన అరుపు హాల్లో అందరికీ వినబడింది. నువ్వు తేల్చలేని కేసు కూడా ఉందా అని అడిగాడు.

"ఉంది సార్. ఖలాస్," అని పెట్టేశాడు మీరావలి.

సత్యకుమారి అతన్ని చూసింది. దణ్ణం పెడుతుందేమోనని ముందే చెయ్యడ్డం పెట్టాడు.

"మీ మీద ప్రేమతో కాదు. పాస్‌పోర్టు విషయంలో మీ తప్పు లేదన్నాను, అది నిజం. మీ తప్పు మొత్తం తొంభైలోది, అది నా పాలసీలోకి రాదు. కోలుకున్నాక కాన్సులేట్‌కెళ్ళి మీ పేరు మీరు చెప్పుకోండి. అప్పటిదాకా నా కంటబడకండి."

సూరిబాబు కాళ్ళ మీద పడబోతే పక్కకి జరిగాడు. ముందు ఆ కారు అమ్మి, కార్డు కోసం మళ్ళీ అర్జీ పెట్టమన్నాడు. సత్యకుమారి పేరున ఒక్క కార్డైనా ఉండాలి, ఆ పేరు మనిషికి రేపు పనికొస్తుంది అన్నాడు.

పాస్‌పోర్టు తిరిగి దుప్పటి మడతలో పెట్టాడు. పైన పాలపొడి డబ్బాలు పేర్చాడు. అట్ట మూశాడు. సూరిబాబు తాడు ముక్కలు పోగేసి ముడి వెయ్యబోయాడు.

"నువ్వొద్దు. నీ ముడి చూస్తే గుడ్డివాడైనా పట్టేస్తాడు. నాగదుర్గ గారూ, మీరు కట్టండి."

నాగదుర్గ కదల్లేదు. నడుం పట్టుకుని, కింద మంచం మీద కూర్చున్న సత్యకుమారిని ఒకసారి, పైమంచాన్ని ఒకసారి చూసింది.

"ఇంత జరిగీ కింద మంచం నాకు రాదన్నమాట," అని గొణుక్కుంటూ వంగి తాడందుకుంది. రెండు పీటముళ్ళు వేసింది.